మూడో రింగు

కొత్త కానిస్టేబులు కార్బెట్ మా గ్రూన్‌వైడ ఊరి హాల్లో నిలబడి, చలికాలంలో కారు ఎలా నడపాలో మాకు చెబుతున్నాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అతను పడమటి సముద్రతీరం నుంచి అక్టోబరులో దిగాడు. అక్కడ జనవరిలో కూడా గడ్డి పచ్చగా ఉంటుందట. మా మానిటోబా రాష్ట్రపు చలితో అతనికి ఇంకా నిండా నాలుగు నెలల పరిచయం లేదు. అయినా పాపం, నేర్చుకొచ్చిందంతా శ్రద్ధగానే అప్పజెప్పాడు.

"కార్లో పార ఉండాలి. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దుప్పటి, ఒక చిన్న బస్తా ఇసక. పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి. రోడ్డు పక్క గుంటలోకి జారితే కారు వదిలి నడవకండి. వెనక పొగగొట్టానికి మంచు అడ్డం పడితే ముందు అది తియ్యండి, ఆ తరవాతే ఇంజను."

రైతులు చేతులు కట్టుకుని బుద్ధిగా తలలూపారు. మా మెన్నొనైట్ క్రైస్తవుల మర్యాద అలాంటిది. పైగా బన్నులు ఇంకా బయటికి రాలేదు.

బన్నులు వెనక బల్ల మీద నేటా థీసెన్ దగ్గరున్నాయి. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, పొట్టిగా, చేతులు మాత్రం పెద్దవి. ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న జంట బన్నుల్ని విడదీసి, వెన్న రాసి, మళ్ళీ జంట కలిపి పళ్ళెంలో పేరుస్తోంది.

"ఇక రెండో సంగతి, ఫోను మోసాలు," అన్నాడు కానిస్టేబులు. "ఇవి ఎక్కడో పెద్ద పట్నాల్లో జరుగుతాయనుకోకండి. పోయిన నెల మీ ఊళ్ళోనే ఒక పెద్దావిడకి ఫోనొచ్చింది. 'అత్తా, నేనే, కారు గుంటలో పడింది' అన్నాడు. 'హెన్రీవా?' అని ఆవిడే మేనల్లుడి పేరు అందించింది. అవునన్నాడు. కారు లాగే బండివాడు డబ్బు ముందిస్తేగానీ లాగనంటున్నాడు, దుకాణంలో గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమన్నాడు. ఎనిమిది వందల డాలర్లు పోయాయి. అందుకే చెబుతున్నా, తెలియని నంబరు ఎత్తకండి. ఎత్తకపోతే ఎవడూ మోసం చెయ్యలేడు."

నేటా చేతిలో వెన్న కత్తి ఆగింది. హాల్లో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. మా ఊళ్ళో తల తిప్పకపోవడం కూడా ఒక రకం చూడడమే.

ఈ సంగతి ఎవరో కనిపెట్టింది కాదు. మంగళవారం బొంతలు కుట్టే ఆడవాళ్ళ మధ్య నేటాయే నోరు విప్పి చెప్పింది. "నాకు జరిగింది, మీకు జరక్కూడదు, వినండర్రా" అని మొదలుపెట్టి, పేరు తానే అందించిన ముక్కతో సహా చెప్పింది. సిగ్గుపడుతూనే చెప్పింది. మా దగ్గర 'గుంటలో పడ్డాను' అన్నవాణ్ణి రుజువడిగేవాడు లేడు. ఏ వైపు గుంట అని అడుగుతారు, కోటు తొడుక్కుంటారు, అంతే.

పైగా నేటా ఫోను ఊరందరి ఫోను. నవంబరు నుంచి ఏప్రిలు దాకా రోడ్డెక్కే ప్రతివాడూ ఆవిడకి చెప్పి బయల్దేరతాడు. చేరాక మళ్ళీ ఫోను చేస్తాడు. రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తాడు. దూరం ఫోన్లకి నిమిషానికింతని కట్టే రోజుల్లో, దమ్మిడీ ఖర్చు లేకుండా క్షేమం చెప్పడానికి మా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయమిది. రేట్లు పోయినా అలవాటు పోలేదు. రెండు రింగులంటే చేరాను. మూడోది మోగిందంటే ఏదో జరిగింది, అప్పుడు నేటా ఎత్తుతుంది. ఆ దొంగ వెధవకి ఇదంతా తెలియదు. కానీ వాడి ఫోను కూడా మూడుసార్లు మోగింది.

కానిస్టేబులు కూర్చున్నాక ఊరి కమిటీ పెద్ద ఇస్‌బ్రాంట్ వీబే లేచాడు. నేటాతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. రెండు వేళ్ళతో మీసం సర్దుకుని, నేల చూపులు చూస్తూ మాట్లాడాడు.

"నేటా ముప్పై ఏళ్ళుగా చేస్తోంది. ఇక ఆవిడకి కాస్త విశ్రాంతిద్దాం. రేపట్నుంచి బయల్దేరేవాళ్ళూ, చేరినవాళ్ళూ కమిటీ ఆఫీసు నంబరుకి చెయ్యండి. కొత్త మెషిన్ పెట్టించాం. మీ మాట రికార్డు చేసుకుంటుంది. దాన్ని ఎవడూ బోల్తా కొట్టించలేడు."

పట్టుగుడ్డలో చుట్టి చెప్పుతో కొట్టడమంటే ఇదే. ఎవరూ ఔనని అరవలేదు, కాదని లేవలేదు. నేటా మిగిలిన బన్నులకి వెన్న రాసింది. ఒక్కదానికీ తక్కువ రాయలేదు.

కాసేపటికి కానిస్టేబులు పళ్ళెం దగ్గరికొచ్చాడు. రెండు బన్నులు తిన్నాక మొహమాటంగా అడిగాడు.

"చాలా బావున్నాయమ్మా. ఆ పెద్దావిడ ఇవాళ రాలేదు కదా? నా మాటలకి నొచ్చుకుంటుందేమోనని."

"వచ్చింది."

"అయ్యో. నొచ్చుకుందా?"

"ఇంకో బన్ను తీసుకో నాయనా," అంది నేటా.

మర్నాడు గురువారం పొద్దున్నే నేటా ఆడపడుచు ట్రూడా వచ్చింది. పక్కిల్లే. ఆవిడ నోటికి తాళం ఉండదు. గుమ్మంలోనే బూట్ల మంచు దులుపుకుంటూ మొదలుపెట్టింది.

"ఏం వదినా, ఉద్యోగం ఊడిందటగా? పెన్షను ఎంతిస్తారో కనుక్కున్నావా?"

"కాఫీ తాగుతావా, నన్నే తాగుతావా?"

"ముందు కాఫీ." కూర్చుని సంచిలోంచి చిన్న పెట్టె తీసింది. ఫోనుకి తగిలిస్తే పిలిచేవాళ్ళ నంబరు చూపించే పెట్టె. తగిలించింది. దాని పక్కనే, తెలియని నంబరు ఎత్తకు అని పెద్దక్షరాలతో కాగితం అంటించింది. "నీది మెతక గుండె వదినా. ఎవడు ఏడ్చినా నీకు మేనల్లుడే. ఇకనైనా బుద్ధి తెచ్చుకో."

నేటా నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళ దాకా వెళ్ళలేదు. వంటింటి గోడకి రెండు తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటి మీద బట్టలకి పెట్టే చెక్క క్లిప్పులు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి పేరు. రోడ్డెక్కిన వాళ్ళ క్లిప్పు కింది తాడుకి, చేరిన వాళ్ళది పై తాడుకి. రోజుకి పదిసార్లు ఆ క్లిప్పులు కిందికీ పైకీ మార్చడమే ముప్పై చలికాలాలుగా ఆవిడ పని. ఆ రోజు ఒక్క క్లిప్పూ కదల్లేదు. ఫోను ఒక్కసారి మోగింది. వినికిడి మిషన్లు అమ్మేవాడు.

రోడ్డు మీద ఎవరున్నారో తెలియకపోవడం నేటాకి కొత్త. సాయంత్రం హైవే మీద ఏదో బండి దీపాలు కనిపిస్తే కిటికీ దగ్గర నిలబడి, అవి మలుపు తిరిగేదాకా చూసింది. ఎవరో, చేరతారో లేదో. ఇస్‌బ్రాంట్ మాటలు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బు పోయినందుకు ఒకరోజు ఏడ్చి ఊరుకుంది. ఇది అలా ఊరుకునే నొప్పి కాదు.

శుక్రవారం పదింటికే గాలి ఉత్తరం నుంచి కొట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఎగిరే మంచులో ఎదురింటి కొట్టం కనబడకుండా పోయింది. బడి మూసేశారు, కమిటీ ఆఫీసుకి తాళం పెట్టి గుమాస్తాని పన్నెండింటికే ఇంటికి పంపేశారు. నేటా, ట్రూడా ఆదివారం కోడి సూపులోకి నూడుల్స్ కోస్తున్నారు. ట్రూడా పిండి పల్చగా వత్తుతోంది, నేటా దాన్ని చుట్టచుట్టి కత్తితో సన్నగా తరిగి, విదిలించి, గుడ్డ మీద ఆరబోస్తోంది.

రెండు దాటాక ఫోను మోగింది. ఇద్దరూ పెట్టె వంక చూశారు. ఎవరిదో తెలియని నంబరు.

"వదిలెయ్ వదినా," అంది ట్రూడా.

రెండో రింగు. నేటా పిండి చేతులు గాల్లో ఆగిపోయాయి.

మూడోది.

"ఎత్తకు! మొన్ననే కదా ఊరంతా..."

నాలుగోది. బయట గాలి పొయ్యి గొట్టంలో ఊళ వేస్తోంది. నేటా గోడ మీద కాగితం చూసింది, కిటికీ చూసింది. "ఈ గాలిలో ఎవరో ఉంటే ఎలాగే?" అని, పిండి చేత్తోనే ఎత్తింది.

"క్షమించండి," అంది అవతల ఆడగొంతు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మీరెవరో నాకు తెలీదండీ. పందుల ఫారంలో పని చేస్తాను. జెనలిన్ నా పేరు. భోజనాల గది గోడ మీద రెండు నంబర్లుంటే ఫోటో తీసుకున్నా. పైదానికి చేస్తే మెషిన్ మాట్లాడమంది, అంతా చెప్పాను, ఎవరూ తిరిగి చెయ్యలేదు. ఇది రెండోది. నా కారు గుంటలో పడిందండీ. ఇబ్బంది పెడుతున్నాను, క్షమించండి."

ఆ గుంట మాట వినగానే నేటా పెట్టెలో నంబరు ఇంకోసారి చూసింది. నెల కిందటి గొంతు కూడా ఇదే మాటతో మొదలైంది. ట్రూడా చెయ్యి ఊపుతూ పెట్టెయ్యమని సైగలు చేస్తోంది. నేటా వీపు తిప్పుకుంది.

"నీ పక్క అద్దంలోంచి ఏం కనిపిస్తోందమ్మా?"

"ఏమీ లేదండీ, తెల్లగా మంచు కప్పేసింది. అటు పక్క అద్దంలోంచి కాస్త కనిపిస్తోంది, ఏవో ఎండు రెల్లు దుబ్బులు."

గాలి ఉత్తరం నుంచి. ఎడమ పక్క, డ్రైవరు వైపు అద్దం ఉత్తరానికుందంటే బండి తూర్పు ముఖంగా ఉంది, పట్నం దారిలో. "ధాన్యం గాదెలు దాటావా?"

"దాటాను. తరవాత చక్రాల కింద దబదబమంది, రైలు పట్టాలేమో. ఆ తరవాత కొంచెం దూరమే."

పట్టాలకీ, పెన్నర్ల ఇంటి చెట్ల వరసకీ మధ్య దక్షిణం గుంట. రెల్లు అక్కడే. ఇక్కణ్ణుంచి నాలుగు మైళ్ళు. నేటాకి ఆ చోటు తన పెరడంత స్పష్టంగా కనిపించింది. ఏ దొంగకి తెలుస్తాయి ఆ రెల్లు దుబ్బులు?

"విను తల్లీ. అటు పక్క తలుపు తీసుకుని దిగు. చెయ్యి కారు మీంచి తియ్యకుండా వెనక్కెళ్ళి పొగగొట్టం దగ్గర మంచు తీసెయ్. లోపలికొచ్చి పది నిమిషాలు ఇంజను వెయ్యి, ఆపెయ్. గంటకోసారి అంతే. గాలి లేని వైపు అద్దం ఒక వేలంత దించి ఉంచు. ఏం కనబడ్డా కారు దిగి నడవకు. నీ ఫోన్లో ఛార్జి ఎంతుంది?"

"తొమ్మిది శాతం."

"అయితే మాట్లాడకు. పావుగంటకోసారి నాకు చెయ్యి, రెండు రింగులివ్వు, పెట్టెయ్. నేను ఎత్తను. రెండు రింగులు వినబడితే నువ్వు బావున్నావని అర్థం. సరేనా?"

"సరేనండీ. ఇబ్బంది పెట్టాను..."

"నోర్ముయ్యి, పొగగొట్టం చూడు," అంది నేటా ప్రేమగా, పెట్టేసింది.

ఆ చుట్టుపక్కల ముందుభాగాన మంచు తవ్వి విసిరే యంత్రం తగిలించిన ట్రాక్టరు ఇస్‌బ్రాంట్ ఒక్కడికే ఉంది. అతనికి ఫోను చేసింది. అతను అంతా విన్నాడు.

"నేటా, మళ్ళీనా? ఇంకా బుద్ధి రాలేదా నీకు?"

"నన్నేమీ అడగలేదు ఇస్‌బ్రాంట్. డబ్బు మాటే లేదు."

"వాళ్ళు ముందే అడగరు. ముందు ఏడుస్తారు, నీ మనసు కరిగాక అడుగుతారు. ఈ గాలిలో ట్రాక్టరు తీసి, అక్కడెవరూ లేకపోతే? నా ప్రాణం సంగతేంటి?"

"ఏడవలేదు కూడా. ఇబ్బంది పెడుతున్నానని మూడుసార్లు క్షమించమంది. దొంగకి అంత మొహమాటం ఉంటుందా?"

"మెషిన్‌కి చెప్పమనాల్సింది."

"ముందు దానికే చెప్పిందట. అంతా చెప్పిందట. నువ్వు విన్నావా?"

అవతల మార్తా, అతని భార్య, ఎవరది అని అడగడం వినిపించింది. నేటా ఆగలేదు. "నన్ను వెర్రిదాన్ననుకో, ఫరవాలేదు. నేను మళ్ళీ మోసపోయి ఉంటే ఆదివారం చర్చిలో అందరి ముందూ అను, తల వంచుకుని వింటాను. కానీ ఇప్పుడు వెళ్ళు. పట్టాలకీ పెన్నర్ల చెట్లకీ మధ్య, దక్షిణం గుంట."

"ఇంజను వేడెక్కడానికి ఐదు నిమిషాలు," అన్నాడతను, పెట్టేశాడు.

రెండున్నరకి ఫోను మోగింది. ఒకటి, రెండు. ఆగిపోయింది. నేటా గుండె మీద చెయ్యేసుకుంది. ట్రూడా ఇక వెక్కిరించలేదు. గోడ మీద ఖాళీ క్లిప్పు ఒకటి తీసి, పెన్సిలు తడి చేసుకుని, "పేరేమన్నావు?" అని అడిగి రాసింది, కింది తాడుకి పెట్టింది.

మూడింటికి పావు తక్కువకి రెండు రింగులు. మూడింటికి రెండు రింగులు. నూడుల్స్ సగం తరిగినవి తరిగినట్టే ఉన్నాయి. నేటా కుర్చీలో కూర్చోలేక లేచి, పొయ్యి మీద క్యాబేజీ సూపు పెట్టింది, ముక్క కోస్తూ మళ్ళీ గడియారం చూసింది.

మూడుంపావుకి మోగలేదు.

మూడూ ఇరవై. "బ్యాటరీ అయిపోయుంటుంది వదినా," అంది ట్రూడా. ఆ మాటనడానికి ఆవిడ చాలా కష్టపడింది. మూడూ ఇరవై ఐదు. నేటా కళ్ళు మూసుకుని, ఆ పిల్లెవరో, ఎవరి బిడ్డో, చలి ముట్టకుండా చూడమని దేవుణ్ణి అడిగింది. తన గురించి ఏమీ అడగలేదు. అసలు తన పరువు సంగతి అప్పటికి ఆవిడకి గుర్తే లేదు.

నాలుగింటికి పది నిమిషాల ముందు ఫోను మోగింది. ఒకటి, రెండు, మూడు. నేటా ఎత్తింది.

"ఉంది," అన్నాడు ఇస్‌బ్రాంట్. వెనక ట్రాక్టరు మోత.  "నువ్వు చెప్పిన చోటే ఉంది నేటా. బతికే ఉంది. మీ ఇంటికే తెస్తున్నా, అదే దగ్గర."

జెనలిన్‌కి పాతికేళ్ళుంటాయి. ఇద్దరూ కలిసి ఆమె బూట్లు లాగి, కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టారు. వేళ్ళు ముందు పాలిపోయి, తరవాత ఎర్రబడ్డాయి. ఎర్రబడుతున్నప్పుడు మంటెత్తి ఏడ్చింది. "ఏడువు తల్లీ, ఏడువు, మండుతుందంటే కాళ్ళు ఉన్నట్టే," అంది నేటా, ఆమె జుట్టులో మంచు తువ్వాలుతో ఒత్తుతూ. సూపు రెండు గిన్నెలు తాగాక ఆ పిల్ల నేటా చెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. సముద్రం అవతల వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళకి అలా దండం పెడతారట. నేటాకి ఏం చెయ్యాలో తెలియక, రెండో చెయ్యి కూడా ఇచ్చింది.

ఇస్‌బ్రాంట్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కోటు విప్పలేదు, కూర్చోలేదు. టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"దారిలో ఆఫీసు తాళం తీసి మెషిన్ విన్నాను," అన్నాడు. "రెండింటికి పావుగంట ముందే ఈ పిల్ల గొంతు అందులో ఉంది. దాని పేరు, రైలు పట్టాలు, అన్నీ చెప్పింది. సోమవారం దాకా ఉండేది అలాగే."

"ఇప్పుడు విన్నావుగా. సూపు తాగు."

"వద్దు. మార్తా చూస్తుంటుంది." ఇంకేదో చెప్పబోయాడు. జెనలిన్ వంక, ట్రూడా వంక చూసి మానుకున్నాడు. "ఆదివారం చర్చికి వస్తావుగా?"

"ఎప్పుడు మానాను?"

అతను తలూపి వెళ్ళిపోయాడు. "చూశావా వదినా, థాంక్సని ఒక్క ముక్క అంటే అరిగిపోతాడు," అంది ట్రూడా. నేటా ఆ పిల్లకి దుప్పటి కప్పింది. ఆవిడకి ఆ సాయంత్రం అందరి మీదా ప్రేమగా ఉంది. ట్రాక్టరు మీద, దాని సొంతదారు మీద, ఆరిపోయే ముందు మూడు విడతలు మోగిన ఆ తొమ్మిది శాతం మీద కూడా.

ఆదివారానికి ఆకాశం విచ్చుకుంది. చర్చి బయట కార్లన్నీ ఇంజను వేడి చేసే తీగలు తగిలించుకుని వరసగా నిలబడ్డాయి. ప్రసంగం అయ్యాక ఊరి సంగతులు చెప్పుకునే వేళ ఇస్‌బ్రాంట్ లేచాడు. నేటా తల వంచుకుంది. పొగిడితే ఎక్కడ చూడాలో ఆవిడకి తెలియదు.

అతను పొగడలేదు.

"పోయిన మార్చిలో నాకో ఫోనొచ్చింది," అన్నాడు. పాటల పుస్తకం రెండు చేతులా పట్టుకున్నాడు. "మా మనవడు ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. ముందు ఏడ్చారు, తరవాత అడిగారు. రెండువేల నాలుగు వందలు పంపాను. పోలీసులకి చెప్పలేదు. మార్తాకి కూడా చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను."

మార్తా వీబే మొగుడి వంక చూసింది. కోపంగా కాదు.

"నేటా బొంతలు కుట్టేచోట తన సంగతి చెప్పిందని మార్తా ఇంటికొచ్చి నాకు చెప్పింది. ఆ రోజు నేను కొట్టంలోకి వెళ్ళి కూర్చున్నాను. ఏడాదిగా ఈ ఊళ్ళో వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటున్నాను. కాదని ఆ రోజు తెలిసింది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. దానికి నేటాకి దండం పెట్టాల్సింది. కానీ ఆవిణ్ణి చూసినప్పుడల్లా నా వెధవతనం నాకు కనబడేది, అందుకే ఆవిణ్ణి పక్కన పెట్టించాను. మెషిన్ పట్టుకెళ్ళమని చెప్పేశాను. నేటా, నన్ను మన్నించు. ఆ ఫోను మళ్ళీ నీ దగ్గరే ఉండనియ్యి."

నేటా లేవలేదు.  కూర్చునే తలూపింది, మళ్ళీ ఊపింది, కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు కోసం వెతుక్కుంది. అన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఇంత మంచి ఊళ్ళో పుట్టించినందుకు దేవుడికి ఏమివ్వగలను అనుకుంది.

అప్పుడు పక్కన బెంచీ కిర్రుమంది. ట్రూడా లేచి నిలబడింది.

నేటా కంగారుగా ఆవిడ కోటు అంచు పట్టి లాగింది. "కూర్చోవే, నీకేమైంది?"

ట్రూడా మొహం కందిపోయి ఉంది. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు చిన్నగా వచ్చింది.

"నాకూ చెప్పుకునేది ఉంది వదినా," అంది.